కనికట్టు ఎవరిది?

గ్లామర్ అనే మాట వ్యాకరణం కడుపున పుట్టింది. వినగానే నమ్మబుద్ధి కాదు గానీ నిజం. గ్రీకులో ‘గ్రమ్మ’ అంటే అక్షరం. దాని సంతానమే గ్రామర్. మధ్యయుగపు ఐరోపాలో ఆ మాటకు లాటిన్ చదువు అని అర్థం. తోలు గ్రంథం ముందేసుకుని తెలియని భాషలో ఏదో పఠించే పండితుణ్ణి చూసి, చదువురాని జనం మంత్రగాడే అనుకున్నారు. చదువుకు మంత్రవిద్య అనే అర్థం అలా అంటుకుంది. ఫ్రెంచివారు మంత్రాల పుస్తకాన్ని ‘గ్రిమ్వార్’ అంటారు. అదీ ఈ ఇంటి బిడ్డే. బీజాక్షరాలు తెలిసిన మనకు అక్షరానికీ మంత్రానికీ ఉన్న చుట్టరికం వింత కాదు.

స్కాట్లండు వారి నోట రేఫ లకారమై గ్రామర్ కాస్తా గ్లామర్ అయింది. రలలకు భేదం లేదని మన లాక్షణికులు ఏనాడో అన్నారు. రోమమన్నా లోమమన్నా ఒకటే కదా! వాల్టర్ స్కాట్ 1805 నాటి తన కథాకావ్యంలో వాడాక ఆ మాట ఇంగ్లీషువారికీ అలవాటైంది.

అప్పటి అర్థాన్ని కాస్త నిలబడి చూడాలి. గ్లామర్ అంటే చూసేవాడి కళ్లమీద ఇంకొకరు వేసే మాయ. దీనికి మనకు అచ్చమైన మాట ఉంది: కనికట్టు. కన్నూ, కట్టూ. ఆ కట్టు పడేది చూసేవాడి కంటికి.

సినిమాలు వచ్చాక మాట చేతులు మారింది. గ్లామర్ తెరమీది తారకే ‘ఉంది’ అన్నారు. మన సినిమా పత్రికలైతే, బిందెలో నీళ్లలాగా, ‘గ్లామర్ ఒలకబోసింది’ అని రాస్తాయి. కంటిమీది కట్టు ఆమె ఒంటి సొత్తయింది. ఈ అర్థవిపరిణామంలో నాకు అన్యాయం కనిపిస్తుంది. సొత్తు ఆమెదైతే నేరమూ ఆమెదే అవుతుంది.

మోడల్ అనే మాట సంగతీ చూద్దాం. దానికి మూలమైన లాటిన్ ‘మోదుస్’ అంటే కొలత. సంస్కృతంలో ‘మా’ ధాతువుకూ కొలవడమనే అర్థం. మానం, మాత్ర అందులోంచే వచ్చాయి. ‘మాయ’ కూడా అక్కడిదేనని చాలామంది పండితుల మాట. కొలతా మాయా ఒక్క ధాతువులో కలిసి ఉన్నాయన్నమాట!

టెక్సస్‌లో 1967లో పుట్టిన విక్కీ లిన్ హోగన్ బతుకు గ్లామర్, మోడల్ అనే ఈ రెండు మాటల మధ్యే నలిగింది. చదువు మధ్యలో ఆగింది. వేయించిన కోడిమాంసం అమ్మే హోటల్లో పని. పద్దెనిమిదేళ్లయినా నిండకముందే పెళ్లి, ఆ వెంటనే కొడుకు. 1992లో ప్లేబాయ్ పత్రికలో విక్కీ స్మిత్; మరుసటి ఏడాదికి అదే పత్రికలో, గెస్ జీన్స్ ప్రకటనల్లో ఆనా నికోల్ స్మిత్. పేరు కూడా అమ్మకానికి అనువుగా కుట్టినదే.

1994లో, 26 ఏళ్ల వయసులో, 89 ఏళ్ల చమురు కుబేరుడు హోవర్డ్ మార్షల్‌ను పెళ్లాడింది. మరుసటేడు ఆయన పోయాడు. వీలునామాలో ఆమెకేమీ లేదు. దావా వేసింది. డబ్బుకోసమే వల వేసిందని లోకం తీర్పు చెప్పేసింది. ఆమె బొమ్మలున్న పత్రికలు కొన్నదీ, కన్నార్పకుండా చూసిందీ ఆ లోకమే. కనికట్టు విప్పుకోవడం చేతకాని కళ్లు, కట్టినవారిని తిట్టడం నాకు సహించదు. ఇక్కడ కట్టింది ఆమె ఒక్కతే కూడా కాదు. ఫొటోగ్రాఫర్లు, ప్రకటనకర్తలు, పత్రికలు, టీవీవాళ్లు అందరూ తలో ముడి వేశారు.

2006 మేలో అమెరికా సుప్రీంకోర్టు ఆ దావాలో ఆమె పక్షాన ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. సెప్టెంబరులో బహామాస్‌లో, ఆమె ఆడపిల్లను కన్న మూడో రోజున, అదే ఆసుపత్రి గదిలో ఇరవయ్యేళ్ల కొడుకు చనిపోయాడు. 2007 ఫిబ్రవరి 8న ఫ్లోరిడాలోని ఒక హోటల్లో, మోతాదు మించిన మందుల కలయికతో ఆమె కూడా పోయింది. అప్పటికి 39 ఏళ్లు.

దావా మాత్రం ఆగలేదు. 2011లో అదే కోర్టు 5–4తో ఆమె ఆస్తి తరఫువారికి వ్యతిరేకంగా తేల్చింది. న్యాయమూర్తులు తర్కించింది రాజ్యాంగం మూడో అధికరణంలోని మాటలకు అర్థం ఏమిటని. ఆ కాగితాల్లో ఆమె పేరు విక్కీ లిన్ మార్షల్.