సిఫారిష్ లేని పిల్లలకు ఒక దర్వాజా

మొన్న ఈద్‌కు రాజోలులో ఆపా ఇంటికి వెళ్ళాను. షీర్ ఖుర్మా గిన్నెలు ఖాళీ కాకముందే భాంజా అసలు మాట బయటపెట్టాడు. "మామూ, డిగ్రీ అయ్యాక సినిమా కాలేజీకి పోతా. కెమెరా నేర్చుకుంటా." ఆపా ముఖం మాడిపోయింది. కువైట్ నుంచి ఫోన్‌లో ఉన్న దుల్హాభాయ్ ఒక్కటే మాట అన్నారు. "పదిహేనేళ్ళు ఎండలో బండి తోలింది ఈ ఆవారాగర్దీ కోసమా?"

ఎవరూ జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక తలచుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

మా ఉర్దూ బడిలో ఉస్తాద్ ఖత్ నేర్పిన తీరు మొదట యాదికొచ్చింది. అలిఫ్ ఎలా రాయాలో ఆయన ఉపన్యాసం ఇచ్చేవారు కాదు. తఖ్తీకి ముల్తానీ మట్టి పూయించి, ఆరబెట్టించి, చేతికి కలం ఇచ్చి, నా చేతి మీద తన చేయి వేసి రాయించేవారు. హునర్ చేతి నుంచి చేతికే పోతుంది. మన తెలుగు సినిమా తారీఖ్ తిరగేస్తే అక్కడా ఇదే కనిపిస్తుంది.

రఘుపతి వెంకయ్య తన కొడుకు ప్రకాష్‌ను సినిమా పని నేర్చుకు రమ్మని ఇంగ్లండ్ పంపారు. ఆయన తిరిగొచ్చి మద్రాసులో 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. ఆయన దగ్గర షాగిర్ద్‌గా చేరినవారిలో మన కాకినాడ చిత్తజల్లు పుల్లయ్య ఒకరు. ఆ పుల్లయ్యే తర్వాత కలకత్తాలో 1933లో 'సావిత్రి', 1934లో 'లవకుశ' తీసి ఊరూరా జనాన్ని టాకీసులకు రప్పించారు.

ఇంకో సిల్సిలా కూడా మన గోదావరి ఒడ్డుదే. రాజమండ్రి ఆదుర్తి సుబ్బారావు ఫొటోగ్రఫీ చదవడానికి బొంబాయి సెయింట్ జేవియర్స్‌కు వెళ్ళారు. ఫిల్ము కడిగే ల్యాబు, ఎడిటింగ్ గది, ఉదయ్ శంకర్ 'కల్పన' యూనిట్ ఇవన్నీ దాటాకే డైరెక్టర్ అయ్యారు. 1964లో 'మూగ మనసులు' తీసేటప్పుడు ఆయన దగ్గర పనిచేసిన కె. విశ్వనాథ్, అంతకుముందు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో నేర్చుకున్నవారు. ఆ విశ్వనాథ్ 'శంకరాభరణం' తీస్తే, గౌతమి అవతల పసలపూడి నుంచి వెళ్ళిన వంశీ అసిస్టెంట్. అదే వంశీ 1984లో 'సితార' తీసి జాతీయ అవార్డు తెచ్చారు.

ఈ సిల్సిలాకు సలాం చేయాల్సిందే. కానీ మొదటి గడప సంగతేమిటి? ప్రకాష్‌ను విలాయత్ పంపడానికి తండ్రికి సినిమా హాళ్ళున్నాయి. ఏ హాలూ, ఏ చుట్టరికమూ లేని రాజోలు కుర్రాడిని స్టూడియో గేటు లోపలికి ఎవరు పిలుస్తారు? ఎవరో ఒకరి సిఫారిష్ కావాలి. మనవాళ్ళలో ఆ సిఫారిష్ ఎందరికుంది?

ఫిల్మ్ స్కూల్ ఖీమత్ ఇక్కడే తెలుస్తుంది. స్వాతంత్య్రం వచ్చాక ఎస్.కె. పాటిల్ కమిటీ 1951లో ఇచ్చిన రిపోర్టులో సినిమాకు సర్కారీ శిక్షణ సంస్థ కావాలని అడిగింది. తొమ్మిదేళ్ళకు, 1960లో, పుణెలో అది మొదలైంది. ఎక్కడంటే, మూతపడిన ప్రభాత్ స్టూడియోలో. 1936లో 'సంత్ తుకారాం' తీసిన జాగా అదే. అంటే పిల్లలు నిజమైన ఫ్లోర్ల మీద, నిజమైన దీపాల కింద నేర్చుకున్నారు. ఒకరు డైరెక్షన్, ఒకరు కెమెరా, ఒకరు సౌండ్, ఒకరు ఎడిటింగ్ పట్టుకుని కలిసి సినిమా తీయాలి. తప్పు చేస్తే తెర మీద తమకే కనబడుతుంది. ఉస్తాద్ పక్కన కూర్చుని దిద్దుతాడు. మా తఖ్తీ తాలీమే, కాకపోతే గడప దాటించేది ఇంతిహాన్.

ఆ గడప దాటినవారిలో రసూల్ పూకుట్టి ఉన్నారు. కేరళ పల్లెలో ఎనిమిది మంది పిల్లల పేద ముస్లిం ఇల్లు. ఊరికి కరెంటు లేక కిరోసిన్ దీపం కింద చదువు. 1995లో పుణెలో సౌండ్ కోర్సు పూర్తి చేశారు. 2009లో 'స్లమ్‌డాగ్ మిలియనీర్' సౌండ్ మిక్సింగ్‌కు ఆస్కార్ అందుకున్నారు. హమారా ఏక్ లడ్కా!

అందరికీ ఆస్కార్ రాదు, నిజమే. కోర్సు అయ్యాక ఒకటో తారీఖు జీతం వస్తుందని ఎవరూ పూచీ ఇవ్వరు. దుల్హాభాయ్ భయం తప్పు కాదు. ఎడారిలో సంపాదించిన ప్రతి దినార్‌కు లెక్క అడిగే హక్కు ఆయనకుంది. కానీ మెకానిక్ షెడ్డులో, టైలర్ షాపులో పిల్లల్ని పనికి పెట్టి 'హునర్ నేర్చుకుంటున్నాడు' అని గర్వంగా చెప్పుకునే మనం, కెమెరా పట్టుకుంటే మాత్రం ఆవారా అంటాం. ఇది ఇన్సాఫ్ కాదు. పైగా తెర మీద మన ఇళ్ళను, మన జుబాన్‌ను తప్పుగా చూపిస్తున్నారని షికాయత్ చేసేదీ మనమే. ఆ కెమెరా వెనక మన బిడ్డ లేకపోతే సరిగ్గా చూపించేదెవరు?

తెల్లారి ఇదంతా దుల్హాభాయ్‌కి ఫోన్‌లో చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "ఇంతిహాన్ రాయనీ. సీటొస్తే ఫీజు నేను చూస్తా. రాకపోతే వీసా చూస్తా" అన్నారు.

భాంజా చదువుకుంటున్నాడు. దువా చేయండి.