తుపాకీకి పింఛను లేదు

పాత వస్తువు చవగ్గా వస్తోందంటే ఆడవాళ్ల కాలు ఇంట్లో నిలవదని మగవాళ్లు ఎగతాళి చేస్తుంటారు. పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు పుచ్చుకునేది మనమే కనక ఆ మాట పడాల్సిందే. అయితే ఈ విషయంలో మగవాళ్లూ ఏమీ తీసిపోలేదు సుమండీ! 1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కర్లేని సరుకు ‘మిలటరీ డిస్పోజల్స్’ అన్న పేరుతో అమ్మకానికొచ్చింది. కంబళ్లు, నీళ్ల సీసాలు, గుడారం గుడ్డ, జీపులు, ఒకటేమిటి! సైన్యం మొహం చూడనివాళ్ల ఇళ్లలో కూడా మిలటరీ కంబళి కనిపించేదంటే అందుకే.

అన్నీ దొరికినా, సిపాయి భుజాన వేళ్లాడే రైఫిలు మాత్రం మన దేశంలో మామూలు జనానికి దొరకలేదు. మరికొన్ని దేశాల్లో అదీ దొరికింది. ఇప్పటికీ దొరుకుతోంది.

ఈ గొడవంతా నాకెందుకు పట్టిందంటే, గురజాలలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మా ఆడపడుచు కొడుకు ఆమధ్య నాకో ఫొటో పంపాడు. టెక్సాస్‌లో ఏదో తుపాకుల దుకాణంలో పాత లీ-ఎన్‌ఫీల్డు రైఫిలు. దాని మెడ మీద ఇత్తడి కాదు, గట్టి ఇనప పట్టీ. ఆ పట్టీ మీద కిరీటం గుర్తు, జి.ఆర్.ఐ. అనే అక్షరాలు, కింద ‘ఇషాపూర్’, 1943. “మన దేశంలో చేసిందే అత్తయ్యా! ఇక్కడ అంగట్లో పడుంది. కొని హాల్లో గోడకి తగిలిద్దామనుకుంటున్నా” అన్నాడు. పల్నాటివాడికి కత్తీ కటారీ అంటే మోజుండటం వింతేం కాదు. “కాస్త ఆగు నాయనా, దాని పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోనీ” అన్నాను. పెళ్లిసంబంధానికే అడుగుతాం, ఇంట్లోకి తెచ్చే తుపాకీకి అడగొద్దూ?

లీ-ఎన్‌ఫీల్డు 1895లో బ్రిటిషు సైన్యంలోకి వచ్చింది. దాని గొట్టం లోపలి కొలత అంగుళంలో వెయ్యో వంతులు మూడొందల మూడు. అందుకే మన పోలీసుల నోట దాని పేరు ‘త్రీ నాట్ త్రీ’. పది తూటాలు పడతాయి. బరువు నాలుగు కిలోలు, అంటే నెల దాటిన పసిపిల్లంత. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ మన సిపాయిలు మోసింది దీన్నే. కలకత్తా దగ్గర ఇషాపూర్ కర్మాగారంలో మన పనివాళ్ల చేతే తెల్లవాడు దీన్ని చేయించాడు.

చేయించాడు గానీ నమ్మాడా? 1857 తిరుగుబాటుతో బెదిరిపోయినవాడు, ఆ తర్వాత మన సిపాయిలకి గురి తక్కువగా ఉండే నున్న గొట్టం తుపాకులిచ్చాడు. తరవాత ఈ త్రీ నాట్ త్రీ వచ్చినప్పుడు కూడా, పోలీసులకీ కాపలావాళ్లకీ ఇచ్చేందుకు కొన్నింటి గొట్టాలు తొలిపించి, దూరం పోని ‘నాలుగొందల పది’ మస్కెట్లుగా మార్పించాడు. వంటమనిషిని పెట్టుకుని ఉప్పు డబ్బాకి తాళం వేసే అత్తగారి వరస అన్నమాట!

ఇక మామూలు జనం సంగతి చెప్పాలా? 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేనిదే భారతీయుడి ఇంట తుపాకీ ఉండరాదు. తెల్లవాళ్లకి మాత్రం ఆ కట్టడి లేదు. దీని ఫలితం ఏమిటో మన పల్నాడు చూసింది. అడవిలో పశువులు మేపుకున్నందుకు పుల్లరి కట్టమన్నారు. మించాలపాడు కన్నెగంటి హనుమంతు కట్టేది లేదన్నాడు. 1922 ఫిబ్రవరిలో పోలీసు తుపాకులు ఆయన్ని బలి తీసుకున్నాయి. అదే ఏడు ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీదికి వరసగా వెళ్లి తుపాకులు పట్టుకెళ్లాడు. కొనుక్కునే దారి లేనివాడికి అదొక్కటే దారి.

మన పెద్దలకి ఈ చట్టం ఎంత కంటగింపుగా ఉండేదంటే, 1887లో మద్రాసు కాంగ్రెసులోనే దీని మీద తీర్మానం పెట్టారు. 1931లో కరాచీ కాంగ్రెసు, నిబంధనలకి లోబడి ఆయుధం ఉంచుకోవడం పౌరుడి హక్కు అని రాసుకుంది. తీరా స్వరాజ్యం వచ్చి, 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ ఆ హక్కుని రాజ్యాంగంలో చేర్చమని సవరణ తెస్తే సభ ఒప్పుకోలేదు.

ఎందుకొప్పుకుంటుంది చెప్పండి? మూడు నెలల కిందటే కదా హైదరాబాదు భాగోతం ముగిసింది! మాచర్ల దాటి కృష్ణ ఆవలి గట్టెక్కితే అప్పట్లో నైజాము రాజ్యం. భారత ప్రభుత్వం తన చుట్టూ కట్టడి చేసేసరికి, నిజాం సర్కారు ఆయుధాలకోసం సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానయోధుణ్ణి పట్టుకుంది. ఆయన యుద్ధకాలపు బాంబరు నమూనాలో కట్టిన లాంకాస్ట్రియన్ విమానాలు సంపాదించి, 1948 వేసవిలో కరాచీ నించి రాత్రిళ్లు ఎగిరి బీదరులో, వరంగల్లులో తుపాకులూ మందుగుండూ దింపాడు. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 17న నిజాం లొంగిపోయాడు. కొన్న తుపాకులు రాజ్యాన్ని అయిదు రోజులు కూడా నిలబెట్టలేదు. కాటన్‌కి ఇంగ్లండులో పడ్డ శిక్ష ఎంతనుకున్నారు? రెండొందల పౌన్ల జరిమానా! ఆ ఏడాదంతా ఇటూ అటూ పల్లెల్లో తుపాకీ చప్పుళ్లకి పిల్లల్ని చంకనేసుకుని ఊళ్లు విడిచిన తల్లులకి పడ్డ శిక్ష ముందు అదేపాటి?

అమెరికా వాళ్ల అనుభవం ఇంకో రకం. అక్కడ యుద్ధపు పాత తుపాకుల్ని చీరల కేటలాగులాగా పత్రికల్లో ప్రకటనలు వేసి పోస్టులో అమ్మేవారు. 1963 మార్చిలో ఒకడు మారుపేరుతో చికాగో దుకాణానికి డబ్బు పంపి, 1940లో తయారైన ఇటలీ సైన్యపు రైఫిలు తెప్పించుకున్నాడు. గురి చూసే దుర్భిణీతో సహా వెల 19 డాలర్ల 95 సెంట్లు. ఆ నవంబరు 22న అధ్యక్షుడు కెనెడీ దాని తూటాలకే కూలిపోయాడు. యుద్ధంలో అక్కరకొచ్చిందో లేదో గానీ, ‘పనికిరాని పాత సరుకు’ అని అమ్మేశాక అది చరిత్రకెక్కింది. అయిదేళ్లకి, 1968లో, అలా పోస్టులో అమ్మడాన్ని చట్టం ఆపింది. మనిషికి ఏళ్లొస్తే చూపు మందగిస్తుంది, చెయ్యి వణుకుతుంది, పింఛను పుచ్చుకుని అరుగు మీద కూచుంటాడు. తుపాకీకి ఆ ముచ్చట లేదు. నూనె రాస్తే ఎనభై ఏళ్లకీ అదే చూపు, అదే కోపం.

మన దేశంలో త్రీ నాట్ త్రీ ఇప్పటికీ మామూలు పౌరుడికి నిషిద్ధమే. సైన్యానికీ పోలీసుకీ ఇచ్చే తూటా జనం చేతికి పోకూడదని ఆ కట్టడి. లైసెన్సు సంపాదించినవాడు కొనుక్కోగలిగింది దాని చెల్లెలు లాంటి ‘త్రీ వన్ ఫైవ్’. దానికైనా దరఖాస్తు, పోలీసు విచారణ, కలెక్టరు సంతకం కావాలి. 2019 సవరణతో మనిషికి మూడు తుపాకుల హద్దు రెండుకి తగ్గింది. త్రీ నాట్ త్రీకి ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ దినాన వీడ్కోలు చెప్పారు. అయినా వాటిని సంతలో పెట్టి అమ్మలేదు. ఇక ఎన్నికలొస్తే లైసెన్సున్న తుపాకుల్ని కూడా చాలామంది ఠాణాకి అప్పగించాల్సొస్తుంది. పల్నాట్లో ఎన్నికలు చూసిన ఏ ఇల్లాలూ ఈ నియమాన్ని తప్పుపట్టదు.

ఇదంతా విని మావాడు ఊరుకున్నాడా? కొనేశాడు. అక్కడ చట్టం ఒప్పుకుంటుంది, కాదనడానికి నేనెవర్ని? కానీ వాడి భార్య ఒక్క మాట అడిగిందట, “కొనడం సరే, పెట్టేదెక్కడ?” అని. ఇంట్లో ఆరేళ్ల పిల్లాడు. ఈ రైఫిలుకి ‘బోల్టు’ అని గడియలాంటి ముక్క ఉంటుంది, అది లాగేస్తే ఉత్త ఇనప గొట్టం. రైఫిలు మీదా బోల్టు మీదా ఒకటే నెంబరు ఉంటుంది, మొగుడూ పెళ్లాల ఇంటిపేరులాగా. ఆ అమ్మాయి రెండింటినీ విడదీయించింది. రైఫిలు తాళం వేసిన ఇనప బీరువాలో, బోల్టు వేరే పెట్టెలో. ఆ పెట్టె తాళంచెవి ఆమె దగ్గర. తూటాలు ఇంట్లోకే రానివ్వలేదు. గోడకి తగిలించే ముచ్చట తీరలేదని వాడికి కాస్త బాధే. నాకైతే ఆ పిల్ల పల్నాటి కోడలనిపించుకుందని సంతోషం.

ఎందుకంటే, ఆయుధాన్ని ఎలా ఉంచాలో మన పల్నాటికి తెలిసినంతగా ఎవరికి తెలుసండీ? పన్నెండో శతాబ్దంలో అన్నదమ్ముల పగతో నాగులేటి ఒడ్డున కారంపూడి దగ్గర ఒక తరం తరం తెగిపోయింది. మాంచాల లాంటి పడుచులు ఎందరో ఆ పోరులో పసుపుకుంకుమలు పోగొట్టుకున్నారు. ఆ వీరుల ఆయుధాల్ని మనవాళ్లు అమ్ముకోలేదు, మళ్లీ పోరుకి తియ్యనూలేదు. కొణతాలని పేరు పెట్టి పూజలో పెట్టారు. ఏటా కార్తీకమాసం చివర అమావాస్యతో మొదలుపెట్టి రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అంటూ అయిదు రోజులు వాటిని బయటికి తీస్తారు. నాగులేట్లో కడుగుతారు, పసుపూ కుంకుమా పెడతారు. మందపోరునాడు కులభేదం లేకుండా చాపకూడు వడ్డిస్తారు. కళ్లిపాడు అయ్యాక కొణతాలు ఎక్కడివక్కడికి వెళ్లిపోతాయి. మళ్లీ కార్తీకం దాకా వాటికి పనిలేదు.