ఆపద వేళ అడ్డుగడియ

పొరుగింట నిప్పంటుకొన్నప్పుడు ఊరివారందఱు కడవలతో పరుగెత్తుట మన గ్రామధర్మము. ఆ యింటి యజమాని లోపల గడియ వేసికొని, "ఇది నా యిల్లు, నా సెలవు లేక యెవరును రాగూడదు" అని పలికినచో ఏమి చేయవలెను? లోపల పిల్లలున్నారు. తలుపు పగులగొట్టుట తప్పా, ఊరక చూచుచుండుట తప్పా? గ్రామములో నిట్టి తగవునకు పెద్దలు క్షణములో తీర్పు చెప్పగలరు. రాజ్యముల నడుమ ఇదే ప్రశ్న పుట్టినప్పుడు తీర్పు అంత సులభము కాదు. మన నేలమీదను, మనవారు బ్రతుకుతెరువునకై పోయిన నేలమీదను జరిగిన కొన్ని సంగతులను దీనికై విచారింతము.

1876వ సంవత్సరము ధాత. ఆ యేట దక్కను పీఠభూమిలో వానలు తప్పినవి. కర్నూలు, బళ్ళారి, కడప ప్రాంతములందును, కృష్ణకు ఈవలనున్న నిజాము రాజ్యపు దక్షిణ భాగమునందును పైరులు మాడిపోయెను. దీనినే మన పెద్దలు ధాత కరువనిరి. ధాత వెనుక ఈశ్వర, ఈశ్వర వెనుక బహుధాన్య వచ్చినవి. పేరునకు బహుధాన్యయే గాని, 1878లో అది వచ్చునప్పటికి బ్రిటిషు ఇండియాలోనే 50 లక్షలకు మించి జనులు నశించిరని అంచనా.

నాటి వైస్రాయి లిట్టను ప్రభువు. ధాన్యవ్యాపారమున సర్కారు చేయి పెట్టరాదని ఆయన సిద్ధాంతము. మదరాసు ప్రభుత్వము తానై ధాన్యము కొనగా ఆయన ఆక్షేపించెను, ఎగుమతులను మాత్రము ఆపలేదు. 1877 జనవరి 1న, కరువు ముదురుచుండగనే, విక్టోరియా రాణికి చక్రవర్తిని బిరుదు ప్రకటించుటకు ఢిల్లీలో దర్బారు జరిపించెను. ఖర్చు తగ్గించుటకై సర్ రిచర్డు టెంపులును దక్షిణమునకు పంపెను. ఈయన పూర్వము హైదరాబాదులో రెసిడెంటుగా నుండినవాడు. 1874లో బీహారు కరువునకు బర్మానుండి బియ్యము తెప్పించి ప్రాణములు నిలిపి, దుబారా చేసితివని నిందపడినవాడును ఈయనయే. ఆ నింద ఫలితమో యేమో, ఈ మాఱు కరువుపనులలో మగకూలికి దినమునకు సుమారు అరసేరు ధాన్యమును ఒక అణాయును చాలునని విధించెను. మదరాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు, కష్టము చేయు దేహమున కిది చాలదని పట్టుపట్టి వాదించెను. కొన్ని మాసములకు కూలి పెంచక తప్పలేదు.

1877 ఆగస్టు 4న మదరాసులో గవర్నరు బకింగుహాము డ్యూకు అధ్యక్షతను సభ కూడి, లండను నగర మేయరునకు మొఱపెట్టుకొనెను. కోస్తాలోని బకింగుహాము కాలువ ఈయన పేరిటిదే. తన్నడుగక లోకమునకు చాటుట వైస్రాయికి కంటగింపయ్యెను. ఆ ధనము సర్కారు పనికి అడ్డురాని విధముననే వినియోగింపబడవలెనని నిర్ణయమయ్యెను. అయినను లక్షల పౌండ్ల చందాలు వచ్చి, సర్కారు సాయమందని వారికి గంజియు, అనాథలకు పోషణయు, రైతులకు విత్తనములును ఎడ్లును సమకూరెను. అడ్డుపడినవారును ఆదుకొన్నవారును ఒకే ద్వీపమువారు. సాయము ఆలస్యముగా వచ్చెను, నిజమే. కాని దాతలు లోకమునెదుట ప్రభుత్వమును సిగ్గుపఱచిరి. 1880లో కరువు కమీషను నివేదికయు, దాని ననుసరించి కరువు నిబంధనలును వచ్చినవి. ప్రాణరక్షణ సర్కారు విధియని అప్పుడు వ్రాతలోనికెక్కెను.

ధనము పంపుట యొకటి, సేనను పంపుట వేఱొకటి. 1948 సంగతి నల్లగొండవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. రజాకార్ల దౌర్జన్యము తాళలేక ఎన్నియో కుటుంబములు బెజవాడ వైపునకు తరలిపోయెను. హైదరాబాదు పరరాజ్యమా కాదా యనునదే అప్పటి వివాదము. ఆగస్టులో నిజాము ప్రభుత్వము ఐక్యరాజ్య సమితికి ఫిర్యాదు చేసెను. యూనియను దిగ్బంధములో మందులును ఆగిపోయినవని మొఱపెట్టెను. సెప్టెంబరు 13న సైన్యము ప్రవేశించెను. 17న నిజాము లొంగెను, రజాకార్ల పీడ తొలగెను. అయితే ఆ చర్య జరుగునప్పుడును దాని వెనుకను కనీసము 27 వేల నుండి 40 వేల మంది మరణించిరని పండిత సుందరలాలు సంఘము అంచనా వేసెను. వారిలో అధికులు ముస్లిములు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో నష్టము మిక్కుటము. నల్లగొండలో సైన్యము కమ్యూనిస్టు రైతులమీదికి మరలెను. ఆ పోరు 1951 వఱకు సాగెను. న్యాయమైన పనికై పోయిన ఖడ్గము ఆ పనితోనే ఆగునని యెవరును పూచీపడలేరు.

ఇక బర్మా. కోరంగి రేవునుండియు, విశాఖ తీరమునుండియు మనవారు తరతరములుగ ఓడలెక్కి కూలికి పోయిన దేశమది. 2008 మే 2, 3 తేదీలలో నర్గీసు తుపాను ఐరావతి డెల్టాను ముంచివేసెను. ఒకప్పుడు మనకు బియ్యము పంపిన నేలయే అది. చనిపోయినవారును జాడ తెలియనివారును కలిసి సుమారు 1,38,000 మంది. సైనిక ప్రభువులు విదేశీ సహాయకులకు అనుమతులీయక జాగుచేసిరి. మే 10న మాత్రము, శవములు నీటిలో నుండగనే, రాజ్యాంగముపై ప్రజాభిప్రాయ సేకరణ జరిపించిరి. లిట్టను దర్బారు జ్ఞప్తికి రాక మానదు.

అప్పుడు ఫ్రాన్సు మంత్రి కుష్నేరు, అనుమతి లేకున్నను సాయము చేర్పవలెననెను. ప్రజలను కాపాడు బాధ్యతయని 2005లో ప్రపంచ రాజ్యములు అంగీకరించిన సూత్రమును ఆయన ఎత్తిచూపెను. కాని ఆ సూత్రము జాతిసంహారమువంటి ఘోర నేరములకే వర్తించును, తుపానులను పేర్కొనలేదు. అమెరికా, ఫ్రాన్సు, బ్రిటను యుద్ధనౌకలు తీరమునకు దూరముగ నిలిచిపోయినవి. తుదకు ఆగ్నేయాసియా రాజ్యకూటమి మధ్యవర్తియై, మే 23న ఐక్యరాజ్య సమితి కార్యదర్శి బాన్ కీ మూన్ స్వయముగ పోయి మాటాడగా, ద్వారము తెఱవబడెను. మూడు వారములు గతించినవి. ఆ మూడు వారములు ఊరక పోలేదు. వాని వెలను డెల్టా గ్రామములే చెల్లించినవి.

వీనినుండి తేలునది యేమి? గడియమీద యజమాని కధికారమిచ్చినది లోపలివారి క్షేమము కొఱకే. వారిని చావనిచ్చు గడియకు మర్యాద లేదు. కావున బయటివారు నోరెత్తుటయు, చందాలు ప్రోగుచేయుటయు, అతడు కాదనలేని బంధువుచేత చెప్పించుటయు జోక్యము కావు, ధర్మము. మొదటి దినముననే అవి చేయవలెను, ఏలయన జాగుకూడ హత్యయే. తలుపు పగులగొట్టుట తుదిమాట. అది పోరునకు దారితీసినచో, బియ్యపు మూట చేరకముందే గుండు చేరును, మొదట చచ్చునది ఆకలిగొన్నవాడే. వచ్చినవానినిగూడ పరీక్షింపవలెను. గింజలు కొలుచునది యెవరు? బదులేమి కోరుచున్నాడు? పని ముగిసిన వెనుక పోవునా? ఈ ప్రశ్నలకు సరియైన జవాబు చెప్పలేనివాడు కడవ పట్టుకొని వచ్చినను, ఇంటిమీద కన్ను వేసినవాడే యని యెంచవలెను.