తెర లోపలా, బయటా?

ఖమ్మంలో మా ఇంటి పడమటి గది అత్తయ్యది. కిటికీకి బ్లైండ్స్ వేయించాం. లోపలివైపు బిగిస్తే అందంగా ఉంటుందని ఆ అబ్బాయి అంటే నేనూ సరేనన్నాను. ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నం ఆవిడకి కునుకే లేదు. తెర మీద చెయ్యి పెడితే పెనంలా ఉంది.

"తడిక బయట కదమ్మా కట్టేది!" అంది.

నిజమే. పాత ఇళ్ళ కిటికీలకి అద్దాలెక్కడివి? చెక్క రెక్కలే. అవి బయటికి తెరుచుకోవాలి కాబట్టి, మేదరివాళ్ళు అల్లిన వెదురు తడికని వసారా చూరుకి వేలాడదీసేవాళ్ళు. మధ్యలో గాలి ఆడేది. ఇల్లెందులో సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. ఆ కాలపు దొరల బంగళాల్లోనూ వేసవిలో గుమ్మాలకి వట్టివేళ్ళ తడికలు కట్టి, నీళ్ళు చల్లించడం మామూలే. ఎండని గుమ్మం దగ్గరే ఆపడమన్నమాట. మన ఇళ్ళల్లో అద్దాలొచ్చాక తెర లోపలికొచ్చింది. అద్దం దాటి వచ్చిన ఎండ తెరని కాల్చి, ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది.

బ్లైండ్స్ తీయలేదు, డబ్బు పోశాం కదా! భద్రాచలం వెళ్ళినప్పుడు వెదురు తడిక తెచ్చి, సన్‌షేడ్ అంచుకి కొక్కేలు వేయించి కట్టాం. గాలిదుమారానికి కొట్టుకోకుండా కింద రెండు తాళ్ళు. నిన్న అత్తయ్య మూడింటిదాకా లేవలేదు.