1951 శాన్‌ఫ్రాన్సిస్కో డాన్స్: ఓటమి లేని జట్టు, షరతుతో వచ్చిన పిలుపు

1951లో శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆడిన తొమ్మిది మ్యాచ్‌లూ గెలిచింది. అయినా సీజన్ చివర జరిగే పెద్ద పోటీల్లో దానికి చోటు దక్కలేదు. జట్టులో ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళు ఉన్నారు. వాళ్ళను వదిలేసి రమ్మంటే జట్టు రానంది. సంఘీభావం అనే మాటను మనం తరచూ వాడతాం. దానికి ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో, ఆ మూల్యం ఎవరు చెల్లిస్తారో ఈ సీజన్ చెబుతుంది.

బౌల్ పోటీలు, పెద్దమనుషుల ఒప్పందం

అమెరికన్ ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. కాలేజీ సీజన్ ముగిశాక ‘బౌల్’ పేరుతో జరిగే మ్యాచ్‌లకు నిర్వాహకులు తమకు నచ్చిన జట్లను ఆహ్వానించేవారు. వాటితో పేరూ, డబ్బూ వచ్చేవి. ఆరెంజ్ బౌల్, షుగర్ బౌల్, గేటర్ బౌల్ వంటివి దక్షిణాది నగరాల్లో జరిగేవి. అక్కడ జిమ్ క్రో చట్టాలు అమల్లో ఉన్నాయి. బడి, బస్సు, హోటలు అన్నీ తెల్లవాళ్ళకు వేరు, నల్లవాళ్ళకు వేరు.

దక్షిణాది జట్లతో ఆడేటప్పుడు ఉత్తరాది కాలేజీలు తమ నల్లజాతి ఆటగాళ్ళను పక్కన కూర్చోబెట్టడం అంతకుముందు నుంచీ ఉన్న అలవాటు. దీన్ని ‘పెద్దమనుషుల ఒప్పందం’ అనేవారు. మనకు 1956 నాటి తెలంగాణ ఒప్పందం గుర్తొస్తుంది. అది కాగితం మీద రాసుకున్నది. ఇది చాలావరకు నోటిమాట. అందుకే ఎవరినీ నిలదీయడానికి వీలుండేది కాదు.

ఆ సీజన్

శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం జెస్యూట్ క్యాథలిక్కులు నడిపే చిన్న సంస్థ. జట్టు పేరు డాన్స్. కోచ్ జో కుహారిచ్. జట్టులో రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన జినో మార్కెట్టి వంటివాళ్ళు ఉన్నారు. ప్రచార వ్యవహారాలు చూసిన పీట్ రోజెల్ తర్వాతి కాలంలో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌కు కమిషనర్ అయ్యాడు.

ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళు ఓలీ మాట్సన్, బర్ల్ టోలర్. ఇద్దరూ అంతకుముందు శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీలో కలిసి ఆడినవాళ్ళే. 1951లో మాట్సన్ బంతితో 1,566 గజాలు పరుగెత్తి దేశంలోనే మొదటి స్థానంలో నిలిచాడు. 21 టచ్‌డౌన్లు చేశాడు. కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్‌ను డాన్స్ 47–14తో ఓడించారు. చివరి మ్యాచ్‌లో లయోలాపై 20–2తో గెలిచారు.

షరతు, జవాబు

మాట్సన్‌నూ టోలర్‌నూ ఇంటి దగ్గర వదిలి వస్తే మయామీలో ఆరెంజ్ బౌల్ ఆడవచ్చన్న కబురు జట్టుకు అందింది. దాని మీద పెద్దగా చర్చ కూడా జరగలేదని ఆటగాళ్ళు తర్వాత చెప్పారు. వస్తే అందరం, లేకపోతే ఎవరూ లేదు: ఇదీ వాళ్ళ జవాబు. బయటికి చెప్పిన కారణం మాత్రం వేరు. డాన్స్ బలమైన జట్లతో ఆడలేదన్నారు. ‘ప్రతిభ’ పేరు చెప్పి తలుపు మూయడం మన చదువుల్లో, కొలువుల్లో చూసిందే కనుక ఈ కారణం మాకు కొత్తగా అనిపించలేదు.

1952 జనవరి 1న ఆరెంజ్ బౌల్‌లో జార్జియా టెక్, బేలర్ జట్లు ఆడాయి. రెండూ పూర్తిగా తెల్లజాతి జట్లే.

ఎవరు ఏం పోగొట్టుకున్నారు

విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ అప్పటికే నష్టాల్లో ఉంది. బౌల్ ఆదాయం కొంత ఊరటనిచ్చేది. అది రాలేదు. ఆ సీజన్‌తోనే జట్టును రద్దు చేశారు. ఆటగాళ్ళలో తొమ్మిదిమంది నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌కు వెళ్ళారు. మాట్సన్, మార్కెట్టి, బాబ్ సెయింట్ క్లెయిర్ ముగ్గురూ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాట్సన్ 400 మీటర్ల పరుగులో కాంస్యం, 4×400 రిలేలో రజతం గెలిచాడు.

టోలర్ దారి వేరు. 1952లో మోకాలి గాయం అతని ఆటను ముగించింది. అతను ఉపాధ్యాయుడై, శాన్‌ఫ్రాన్సిస్కోలో పాఠశాల ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. 1965లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో తొలి నల్లజాతి మ్యాచ్ అధికారి అయ్యాడు. 1980లో సూపర్ బౌల్‌లో ఆ బాధ్యత చేసిన తొలి నల్లజాతి వ్యక్తీ అతనే. తనను మైదానంలోకి రానివ్వని ఆటలో నియమాలు అమలు చేసే మనిషిగా నిలిచాడు.

మనం దీన్ని ఎలా చదవాలి

ఈ కథను ఎక్కువగా తెల్లజాతి ఆటగాళ్ళ త్యాగంగా చెబుతారు. అది నిజమే, గౌరవించదగిందే. కానీ వాళ్ళు వదులుకున్నది ఒక మ్యాచ్. మాట్సన్, టోలర్‌లకు ఆ షరతు బౌల్‌తో మొదలుకాలేదు, దానితో ముగియలేదు. పైగా వాళ్ళు సహచరుల దయ మీద జట్టులో ఉన్నవాళ్ళు కాదు. ఆ తొమ్మిది విజయాల్లో సగం బలం వాళ్ళదే.

మన దగ్గర పల్వంకర్ బాలూ అనుభవాన్ని దీని పక్కన పెట్టి చూడవచ్చు. చమార్ కులంలో పుట్టిన బాలూ తన కాలపు గొప్ప బౌలర్. అయినా బొంబాయి పోటీల్లో హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు ఇవ్వలేదు. 1920లో ఆయనను జట్టు నుంచి తప్పించినప్పుడు నిరసనగా బయటికొచ్చింది ఆయన తమ్ముళ్ళు విఠల్, శివరామ్‌లు. విఠల్ కెప్టెన్ కావడానికి 1923 దాకా పట్టింది. అక్కడ సాటి ఆటగాళ్ళంతా కదిలారు, ఇక్కడ సొంత తమ్ముళ్ళు కదిలారు. కులం గురించి మాట్లాడే ప్రతి జట్టూ, ప్రతి తరగతి గదీ, ప్రతి సంఘమూ ఈ తేడా దగ్గర కాసేపు ఆగి, మన పక్కవాడిని వదిలి రమ్మన్న రోజు మనం ఏం చేశామో లెక్క చూసుకోవాలి.