మంచుచరియల ఎయిర్‌బ్యాగు

మంచుచరియల ఎయిర్‌బ్యాగు అనగా మంచుకొండలలో, స్కీయింగు కొరకు సిద్ధపరచిన బాటలను విడిచి దూరంగా తిరిగేవారు వీపున తగిలించుకొనే రక్షణ సంచి. చరియ విరిగి మంచు కదలగానే భుజపట్టీకి ఉన్న పిడిని లాగితే, సంచిలో మడతపెట్టి ఉన్న బుడగ కొన్ని సెకన్లలో ఉబ్బుతుంది. మనిషి మంచులో పూర్తిగా కూరుకుపోకుండా ఉపరితలానికి దగ్గరగా ఉంచడం దీని ఉద్దేశం.

చరిత్ర, సూత్రం

1970వ దశకంలో జర్మనీలోని బవేరియాకు చెందిన ఒక అటవీ ఉద్యోగి, వేటాడిన జంతువును భుజాన మోస్తూ చరియలో చిక్కుకున్నప్పుడు తాను పైననే ఉండిపోవడం గమనించాడు. ఈ ఆలోచనపై హక్కులను 1980లో కొన్న పీటర్ అషావర్, 1985లో ఏబీఎస్ పేరుతో మొదటి సంచిని ప్రదర్శించాడు.

నీటిపై బెండు తేలినట్లే ఇది తేలుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బియ్యం డబ్బాలో కొన్ని చింతగింజలు వేసి కుదిపితే అవి పైకి వచ్చినట్లు, కదిలే మంచుగడ్డల మధ్య పెద్ద పరిమాణం గల వస్తువు పైకి చేరుతుంది. సుమారు 150 లీటర్ల బుడగ మనిషి పరిమాణాన్ని ఆ మేరకు పెంచుతుంది. ప్రవాహం ఆగితే ఈ ప్రభావమూ ఆగుతుంది. ఇరుకైన లోయలో పడినవారిపై మంచు పేరుకొంటే, చెట్లకో రాళ్ళకో కొట్టుకొంటే బుడగ వలన ప్రయోజనం స్వల్పం.

ఎంపిక

పాస్కల్ హేగెలి బృందం 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తీవ్రంగా చిక్కుకున్నవారిలో మరణాల రేటు బుడగ ఉబ్బితే 22 శాతం నుండి 11 శాతానికి తగ్గింది. అయితే ఐదింట ఒక సందర్భంలో బుడగ ఉబ్బనే లేదు. వాటిలో 60 శాతం సందర్భాలలో కారణం యంత్రలోపం కాదు, ధరించినవారు పిడిని లాగలేకపోవడం. సంచిని ఎన్నుకొనేవారు అన్నిటికంటె ముందు చూడవలసిన అంకె ఇదే. పిడి చేతితొడుగుతో సులభంగా అందాలి, కళ్ళు మూసుకున్నా దొరకాలి. ఏ చేతితో లాగడం అలవాటో దుకాణంలోనే తేల్చుకోవాలి.

అభ్యాసం దృష్ట్యా రెండు రకాల మధ్య భేదం ముఖ్యమైనది. సిలిండరు రకంలో అధిక పీడనంలోని గాలి లేదా నైట్రోజన్ బుడగను నింపుతుంది. ఇది సరళమైనది, తరచుగా చవక. కానీ ఒకసారి లాగితే సిలిండరును మళ్ళీ నింపించాలి లేదా మార్చాలి. ఆ ఖర్చుకు వెరచి ఒక్కసారి కూడా లాగి చూడని యజమానులుంటారు. 2014లో బ్లాక్ డైమండ్ సంస్థ జెట్‌ఫోర్స్‌తో వచ్చిన విద్యుత్తు రకంలో చిన్న పంకా బయటి గాలినే లోపలికి తోస్తుంది. ధర ఎక్కువైనా ఎన్నిసార్లయినా సాధన చేయవచ్చు. లిథియం బ్యాటరీ శక్తి తీవ్రమైన చలిలో తగ్గుతుంది కనుక కొన్ని సంచులలో సూపర్‌కెపాసిటర్లు వాడుతున్నారు.

కాళ్ళ మధ్యనుండి వచ్చే పట్టీని బిగించకపోతే ప్రవాహం సంచిని తలమీదుగా లాగివేయగలదు. దానిని అలక్ష్యం చేసేవారు ఎక్కువ. వీపు పొడవుకు సరిపడే కొలత తీసుకోవాలి. ఒకరోజు యాత్రకు 20 నుండి 30 లీటర్ల సంచి చాలును. స్కీలను సంచికి కట్టేటప్పుడు బుడగ తెరుచుకొనే చోటు అడ్డుపడరాదు.

ఎయిర్‌బ్యాగు ఉన్నప్పటికీ 457 కిలోహెర్ట్‌జ్ ట్రాన్సీవరు, వెదికే కడ్డీ, పార విధిగా ఉండవలసినవే. పూడిపోయినవారు బతికే అవకాశం మొదటి పది, పదిహేను నిమిషాల తరువాత వేగంగా పడిపోతుంది. ట్రాన్సీవరును సంచిలో కాక ఒంటిపై ధరించాలి.

భారతదేశంలో

దేశంలో ఇటువంటి స్కీయింగుకు ప్రసిద్ధమైన గుల్మార్గ్‌లో రోప్‌వే యాత్రికులను సుమారు 3,900 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. అఫర్వత్ శిఖరం పరిసరాలలో 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ దేశస్థులు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యా దేశస్థుడు మంచుచరియల క్రింద మరణించారు. విమానంలో వెళ్ళేవారికి సిలిండరు రకం చిక్కుతో కూడినది. నిండిన సిలిండరుకు విమానసంస్థ ముందస్తు అనుమతి అవసరం, ఖాళీది తీసుకువెళితే గమ్యంలో నింపే చోటు ముందే విచారించుకోవాలి. విద్యుత్తు రకానికి సిలిండరు ఇబ్బంది లేదు గాని, బ్యాటరీల రవాణా నియమాలు వర్తిస్తాయి.