రేజ్ అగెయినెస్ట్ ది మెషీన్ (1992 ఆల్బమ్)

'రేజ్ అగెయినెస్ట్ ది మెషీన్' అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌కు చెందిన అదే పేరున్న ఆల్టర్నేటివ్ రాక్ బ్యాండ్ తొలి స్టూడియో ఆల్బమ్. 1992 నవంబర్ 3న ఎపిక్ రికార్డ్స్ దీన్ని విడుదల చేసింది. అమెరికాలో అధ్యక్ష ఎన్నికల పోలింగ్ జరిగిందీ ఆ రోజే. బిల్ క్లింటన్ గెలిచారు.

బ్యాండ్‌లో నలుగురు: గాయకుడు జాక్ డి లా రోచా, గిటారిస్టు టామ్ మొరెల్లో, బేస్ వాయించే టిమ్ కమర్‌ఫోర్డ్, డ్రమ్మర్ బ్రాడ్ విల్క్. నిర్మాత గార్త్ రిచర్డ్‌సన్. ఆల్బమ్‌లో 10 పాటలు, నిడివి సుమారు 53 నిమిషాలు.

ముఖచిత్రం

ఆల్బమ్ అట్ట మీదున్నది మంటల్లో కూర్చున్న బౌద్ధ సన్యాసి థిక్ క్వాంగ్ డుక్. దక్షిణ వియత్నాంలో ఎన్గో దిన్ దియెమ్ ప్రభుత్వం బౌద్ధులను అణచివేస్తోందంటూ 1963 జూన్ 11న సైగాన్ నడిబొడ్డున ఆయన ఆత్మాహుతి చేసుకున్నారు. అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి మాల్కం బ్రౌన్ తీసిన ఫొటోలు ప్రపంచమంతా చేరాయి. అదే ఏడాది నవంబర్‌లో సైనిక కుట్రలో దియెమ్ పదవినీ ప్రాణాన్నీ కోల్పోయారు.

సంగీతం, రాజకీయం

ర్యాప్, హెవీ మెటల్, ఫంక్ కలగలిసిన సంగీతమిది. డీజే రికార్డును గీకినట్టు వినిపించే శబ్దాలను మొరెల్లో గిటార్ మీదే పుట్టించాడు. శాంప్లింగ్, కీబోర్డులు, సింథసైజర్లు వాడలేదని ఆల్బమ్‌తో ఇచ్చిన వివరాల్లో ప్రత్యేకంగా రాశారు.

1992 ఏప్రిల్ నెలాఖరులో లాస్ ఏంజెలెస్ తగలబడింది. నల్లజాతీయుడు రాడ్నీ కింగ్‌ను చితకబాదిన కేసులో పోలీసులు దాదాపు అన్ని ఆరోపణల నుంచీ బయటపడటంతో మొదలైన అల్లర్లలో 60 మందికి పైగా చనిపోయారు. పోలీసు వ్యవస్థలోని జాతి వివక్షను నిలదీసే 'కిల్లింగ్ ఇన్ ది నేమ్' అదే ఏడాది శ్రోతలకు చేరింది. 'వేక్ అప్' పాట నల్లజాతి నాయకులపై ఎఫ్‌బీఐ సాగించిన రహస్య కార్యకలాపాల గురించి. 1999లో 'ది మేట్రిక్స్' సినిమా ముగింపులో ఈ పాటే వినిపిస్తుంది. 'ఫ్రీడమ్' వీడియో ఆదివాసీ ఉద్యమకారుడు లెనార్డ్ పెల్టియర్ కేసును చర్చకు తెచ్చింది. ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్ల హత్య కేసులో దశాబ్దాల పాటు జైల్లో ఉన్న పెల్టియర్, అధ్యక్షుడు బైడెన్ శిక్షను మార్చడంతో 2025 ఫిబ్రవరిలో గృహనిర్బంధానికి మారారు.

ఆదరణ, ఒక వైరుధ్యం

బిల్‌బోర్డ్ 200 జాబితాలో ఆల్బమ్ 45వ స్థానం దాటలేదు. అయినా అమ్మకాలు ఆగలేదు. అమెరికాలో ట్రిపుల్ ప్లాటినం గుర్తింపు దక్కింది.

పెట్టుబడిదారీ వ్యవస్థను తిట్టే బ్యాండ్, సోనీ లాంటి బహుళజాతి సంస్థకు చెందిన ఎపిక్‌తో ఎలా ఒప్పందం చేసుకుందన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. ఎక్కువ మందికి మాట చేరాలంటే అదే దారి అన్నది బ్యాండ్ వాదన.

2009లో ఆ వాదనకు విచిత్రమైన పరీక్ష ఎదురైంది. బ్రిటన్‌లో ఏటా క్రిస్మస్ నంబర్ వన్ స్థానాన్ని 'ఎక్స్ ఫ్యాక్టర్' టీవీ షో విజేతే ఎగరేసుకుపోతున్నాడని విసిగిన శ్రోతలు ఫేస్‌బుక్‌లో ప్రచారం నడిపి 'కిల్లింగ్ ఇన్ ది నేమ్'ను అగ్రస్థానంలో నిలబెట్టారు. వారం రోజుల్లో 5 లక్షలకు పైగా డౌన్‌లోడ్లు అమ్ముడయ్యాయి. ఇళ్లులేని వారి కోసం పనిచేసే షెల్టర్ సంస్థకు విరాళాలు అందాయి. 2010 జూన్‌లో బ్యాండ్ లండన్‌లోని ఫిన్స్‌బరీ పార్క్‌లో ఉచితంగా కచేరీ చేసింది.

అయితే ఓడిన పాట కూడా సోనీదే. ఎవరు గెలిచినా డబ్బు చేరేది ఒకే ఇంటికి. షెల్టర్‌కు అందిన విరాళాలూ, లండన్‌లో జనం ఉచితంగా విన్న కచేరీ మాత్రం ఆ లెక్కలోకి రావు.